సిగ్నల్ దగ్గర గెంతే బొమ్మ

1999 వానాకాలం. ఖరగ్‌పూర్‌లో మలంచా రోడ్డు మీద ఒక మిఠాయి కొట్టుకీ మందుల షాపుకీ మధ్య ఇరుక్కుని నా దుకాణం ఉండేది. ఇద్దరు కస్టమర్లు ఒకేసారి వస్తే ఒకరు మెట్టు మీద నిలబడాల్సిందే. అట్టపెట్టెలో ప్యాక్ అయి వచ్చే కంపెనీ కంప్యూటర్లు నేను అమ్మేవాణ్ణి కాదు. కలకత్తా చాందినీ మార్కెట్ నుంచి విడి భాగాలు తెచ్చి, మనిషి అవసరాన్ని బట్టి, జేబుని బట్టి బిగించి ఇచ్చేవాణ్ణి. మా లైనులో దీన్ని అసెంబ్లింగ్ అంటారు. మా తాత విజయనగరం దగ్గర్నుంచి వచ్చి ఇక్కడి రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరుగా చేరాడు. మా నాన్న కూడా అందులోనే చేశాడు. మూడో తరంలో నేనొక్కణ్ణే ఇనుము వదిలేసి ప్లాస్టిక్ పట్టుకున్నానని నాన్న బతికున్నన్నాళ్లూ దెప్పుతూనే ఉన్నాడు.

ఆ రోజుల్లో నాకు తిండి పెట్టింది ఆటలే. ప్రేమ్ బజార్ వైపు అద్దె గదుల్లో ఉండే ఇంజనీరింగ్ కుర్రాళ్లు, అందులోనూ మన ఆంధ్రా కుర్రాళ్లు, సైకిళ్ల మీద వచ్చి "అన్నా, తక్కువలో అయిపోవాలి, ఫ్రేములు మాత్రం ఎక్కువ రావాలి" అనేవారు. ఫ్రేమ్ రేట్ అంటే సెకనుకి తెర మీద ఎన్ని బొమ్మలు మారతాయన్న లెక్క. సినిమా రీలు సంగతే అనుకోండి. బొమ్మలు చకచకా మారితే కదలిక నున్నగా సాగుతుంది. మెల్లగా మారితే ఆటలో మనిషి పరిగెత్తడు, ఇక్కడ మాయమై అక్కడ తేలతాడు. మధ్యలో ఏం జరిగిందో మనం ఊహించుకోవాలి.

తక్కువ డబ్బులో ఎక్కువ ఫ్రేములు రావాలంటే ఎక్కడ పిసినారితనం చెయ్యాలో తెలియాలి. అందరూ ముందు ప్రాసెసర్ గురించే అడుగుతారు, అది కంప్యూటర్‌కి మెదడని ఎక్కడో చదివి. ఆటకి అసలు కావలసింది గ్రాఫిక్స్ కార్డు, అంటే బొమ్మలు గీయడం తప్ప ఇంకో పని పెట్టుకోని విడి పలక. చవక మదర్‌బోర్డుల్లో, అంటే భాగాలన్నీ దిగే పెద్ద పలకల్లో, బొమ్మ గీసే చిప్పు బోర్డులోనే కలిసి వస్తుంది, దాన్ని ఆన్‌బోర్డ్ అంటాం. టైపింగుకీ జాతకాలకీ అది చాలు. ఆట పెడితే మాత్రం నాలుగు ఇళ్లు కనిపించగానే దాని ఊపిరి అయిపోతుంది. అందుకని మెరిసే క్యాబినెట్ వద్దనిపించి రేకు డబ్బా అంటగట్టేవాణ్ణి. పెద్ద స్పీకర్లు వద్దనేవాణ్ణి. చవక ప్రాసెసర్ తెచ్చి ఓవర్‌క్లాక్ చేసేవాణ్ణి, అంటే కంపెనీ చెప్పిన వేగం కంటే ఎక్కువ వేగంతో పరిగెత్తించడం. అలా మిగిలిందంతా కార్డు మీద పెట్టేవాణ్ణి. ఒక్క ఎస్ఎంపిఎస్ దగ్గర, అంటే లోపల కరెంటు పంచే డబ్బా దగ్గర, ఎవరు కక్కుర్తి పడినా ఒప్పుకునేవాణ్ణి కాదు. ఈ పనిలో నాకు కాస్త గీర ఉండేది. ఇప్పటికీ ఉంది.

ఆ వానల్లోనే ఒక మధ్యాహ్నం దానియేలు మావయ్య కర్ర పొడుచుకుంటూ నా మెట్టు ఎక్కాడు.

ఆయన నాకు చుట్టం కాదు. చర్చిలో మా నాన్న పక్కన కూర్చునేవాడు, ఆ వరస అలా కలిసింది. గూడ్సు బండి డ్రైవరుగా చేశాడు. అంతకు రెండేళ్ల కిందట ఒక చిన్న స్టేషన్ దగ్గర, దాని పేరు రాయను, ఆయన బండి ఎర్ర సిగ్నల్ దాటిపోయి, ఆగి ఉన్న ఇంకో గూడ్సుని వెనకనుంచి గుద్దింది. పట్టపగలు. వాన లేదు, మంచు లేదు. ఈయన కాలు విరిగి బతికాడు. పక్కన అసిస్టెంట్ డ్రైవరుగా ఉన్న యోహాను ఇంజన్‌లోనే పోయాడు. యోహాను ఈయనకి స్వయానా బావమరిది, ఈయన భార్య ఎస్తేరత్తకి ఒక్కగానొక్క తమ్ముడు. మనవాడు పక్కనుంటే నయమని మావయ్యే అడిగి ఆ రోజు డ్యూటీలో అతన్ని తన బండికి వేయించుకున్నాడు.

ఇంజన్‌లో ఒక పద్ధతి ఉంది, రైల్వే ఇళ్లలో పెరిగినవాళ్లందరికీ తెలిసిందే. సిగ్నల్ కనపడగానే అసిస్టెంట్ దాని రంగు పైకి చెప్పాలి. డ్రైవరు తను కూడా చూసి అదే మాట తిరిగి చెప్పాలి. అతను గ్రీన్ అంటే ఇతనూ గ్రీన్ అనాలి. అతను ఎల్లో అంటే ఇతనూ ఎల్లో అనాలి. ఒకరు పొరబడినా రెండోవాడు పట్టుకుంటాడని ఆ ఏర్పాటు. ఎంక్వైరీలో మావయ్య ఇచ్చిన వాంగ్మూలం ఒకటే: యోహాను గ్రీన్ అన్నాడు, నేనూ గ్రీన్ అన్నాను. పోయినవాడు లేచి వచ్చి కాదనలేడు. అయినా సిగ్నల్ ఎర్రగానే ఉందని తేలింది, ఈయన ఉద్యోగం పోయింది. ఎస్తేరత్త రైల్వే ఆసుపత్రిలో నర్సు కాబట్టి ఆవిడ పేరు మీద క్వార్టర్ దొరికి నీడ మిగిలింది. కానీ తన తమ్ముడి నోట్లో ఆ మాట పెట్టాడని తెలిసిన రోజునుంచి ఆవిడ మొగుడితో మాట్లాడడం మానేసింది. వండి పెట్టేది, కాలికి మందు రాసేది, మాట మాత్రం లేదు. కాలనీలో అందరికీ ఈ సంగతి తెలుసు, అందరం తెలియనట్టే ఉండేవాళ్లం.

మావయ్య చొక్కా లోపలినుంచి ఒక సీడీ తీసి బల్ల మీద పెట్టాడు. ఏదో విదేశపు ఆట, రైలు నడిపే ఆట. చాందినీలో దొంగ కాపీలు అమ్మే బుట్టల్లో దొరికే రకం.

"ఒరే రత్నం, ఇది ఆడాల. దీనికి సరిపడా డబ్బా ఒకటి బిగించీ."

"ఈ వయసులో ఆటలేటి మావయ్యా?" అని నవ్వాను.

"ఆట కాదురా. బండి" అన్నాడు. ఆయన నవ్వలేదు.

కార్డు పెడదామంటే వద్దన్నాడు, తెచ్చుకున్న డబ్బు సరిపోదని తెలుస్తూనే ఉంది. సరేనని ఆన్‌బోర్డ్ బొమ్మతోనే ఒకటి బిగించి, రిక్షాలో పెట్టి పంపాను. వారం తిరక్కుండా కబురు: బొమ్మ గెంతుతోంది, ఒకసారి వచ్చి చూడమని.

ఆదివారం చర్చి అయ్యాక వాళ్ల క్వార్టర్‌కి వెళ్లాను. ముందు గదిలో కిటికీ పక్కన బల్ల, దాని మీద మానిటర్. గోడకి యోహాను ఫోటో, దానికి ఎండిపోయిన దండ. లోపల వంటింట్లో గిన్నెల చప్పుడు వినిపిస్తోంది గాని ఎస్తేరత్త బయటికి రాలేదు. మావయ్య కుర్చీలో కూర్చున్న తీరు ఇంజన్‌లో కూర్చున్నట్టే ఉంది. వీపు నిటారుగా, ఎడం చెయ్యి బల్ల మీద చాపి, కళ్లు పట్టాల చివర. కీబోర్డు ముందు అలా కూర్చున్నవాణ్ణి నేను చూడలేదు.

ఆటని ఆయన ఒక చోటునుంచి మొదలుపెట్టేలా పెట్టుకున్నాడు. గూడ్సు బండి వేగంగా వస్తుంది, చెట్ల మధ్య వంపు తిరుగుతుంది, వంపు దాటగానే సిగ్నల్, దాని వెనక చిన్న స్టేషను. సిగ్నల్ రంగు మన చేతిలో ఉండదు. ఎక్కువసార్లు గ్రీన్ వస్తుంది, ఎప్పుడో ఒకసారి రెడ్ వస్తుంది, అప్పుడు స్టేషన్లో ఇంకో బండి ఆగి ఉంటుంది. ఆయన నడుపుతూ, సిగ్నల్ వచ్చే చోట "గ్రీన్" అని పైకి అన్నాడు. తిరిగి చెప్పేవాళ్లు లేరు. ఇంకోసారి నడిపాడు, మళ్లీ గ్రీన్. మూడోసారి వంపు తిరుగుతుండగా బొమ్మ ఆగింది, గెంతింది, మళ్లీ ఆగింది. చూస్తే సిగ్నల్ లేదు. బండి దాన్ని దాటేసి స్టేషన్లోకి వెళ్లిపోయింది. రెడ్ దాటేశారని తెర మీద రాత వచ్చి ఆట నిలిచిపోయింది.

"అదిగో. సూసినావా? ఎవడికి కనిపిస్తాది?" అన్నాడు మావయ్య. ఆయన గొంతులో కోపం లేదు, ఒక రకమైన సంబరం ఉంది. నాకది అప్పుడు అర్థం కాలేదు.

నాకు అర్థమైంది మిషన్ సంగతి మాత్రమే. పట్టాల మీద ఉన్నంతసేపూ గీయడానికి పెద్దగా ఏమీ ఉండదు. స్టేషన్ రాగానే ప్లాట్‌ఫారం, ఇళ్లు, స్తంభాలు, ఆగి ఉన్న బండి అన్నీ ఒక్కసారి మీద పడతాయి, ఆన్‌బోర్డ్ చిప్పు చేతులెత్తేస్తుంది. సరిగ్గా సిగ్నల్ దగ్గరే ఫ్రేములు పడిపోతాయి. అదే చెప్పాను. మంచి కార్డు పెడితే ఈ గెంతు పోతుందన్నాను.

ఆయన వంటింటి వైపు చూసి గొంతు తగ్గించాడు. "పోవాల. అందుకే పిలిసినాను. ఈ గెంతే బొమ్మ సూపిస్తే మీ అత్త ఏటంటాది? మిషన్ బాగోలేదంటాది."

"అత్త మాటాడితే కదా మావయ్యా అనడానికి."

"అదేరా." కర్ర పిడి నిమిరాడు. "బొమ్మ నున్నగా పోయినా ఆ వంపులో టైము సాలదు. సిగ్నల్ కనిపించేసరికే పని అయిపోతాది. అది దాని కళ్లతో సూడాల. యోహానుగాడిదీ తప్పు కాదు, నాదీ కాదు. ఆ వంపుది."

"ఆ వంపూ ఈ ఆటలో వంపూ ఒకటేనేటి మావయ్యా? ఇది తెల్లోళ్ల ఊరు."

"వంపు వంపేరా. బరువు బరువే. నేను కోర్టుకి అడగతన్నానేటి? ఇంట్లోకి."

అంతకుముందు ఎందరో నన్ను ఫ్రేములు అడిగారు, శత్రువుని ముందు కాల్చడానికో, పక్క గదివాడి ముందు గొప్ప చూపించడానికో. ఇంట్లో మాట తిరిగి రావడానికి అడిగినవాడు ఈయనొక్కడే. బిగిస్తే ఇదే బిగించాలి అనుకున్నాను.

మర్నాడు పొద్దున్న లోకల్ పట్టుకుని కలకత్తా వెళ్లాను. చాందినీలో ఆ సందులన్నీ తిరిగాను. కొత్త కార్డు మాట ఎత్తడానికే లేదు, వాడినదే కావాలి. వాడిన కార్డు కొనడమంటే పుచ్చకాయ కొనడమే, పైకి అన్నీ బాగానే ఉంటాయి. ఒక ముసలి కొట్టతను గాజు అలమారా అడుగునుంచి ఒకటి తీసి ఇచ్చాడు. "గ్యారంటీ నేయ్ దాదా, దేఖే నిన్" అన్నాడు. గ్యారంటీ లేదు, చూసుకోమన్నాడు గనక చూశాను. కార్డు మీది చిప్పు చుట్టూ కాలిన మరకలు లేవు, కెపాసిటర్లు ఉబ్బలేదు, బోర్డులో దిగే బంగారు అంచు గీసుకుపోలేదు. అతని కొట్లోనే బిగించి చూసి తెచ్చుకున్నాను. ర్యామ్ ఇంకో పలక, ప్రాసెసర్ మీదికి ఒక లావుపాటి హీట్‌సింక్, అంటే వేడి పీల్చే అల్యూమినియం దిమ్మ, దానికో ఫ్యాను. దీనికంతా డబ్బు మావయ్య ఎక్కణ్ణించి సర్దాడో నేను అడగలేదు.

ఆయన డబ్బాని దుకాణానికి తెప్పించి మొదట కార్డు పెట్టాను. గెంతు సగం పోయింది, సగం ఉంది. కార్డు గీస్తోంది గాని దానికి లెక్కలు అందించే ప్రాసెసర్ వెనకబడుతోంది. మదర్‌బోర్డు మీద జంపర్ అని ఒక బుల్లి ప్లాస్టిక్ టోపీ ఉంటుంది, దాన్ని ఒక పిన్ను జరిపితే ప్రాసెసర్ వేగం పెరుగుతుంది. జరిపాను. కంప్యూటర్ లేవలేదు. కరెంటు కాస్త పెంచి మళ్లీ చూశాను, లేచింది, కాసేపటికి వేడెక్కి పడిపోయింది. ఫ్యాను మార్చాను, రేకు డబ్బా పక్కన కన్నాలు పొడిచాను. ఆ వారమంతా వచ్చినవాళ్లందరినీ తర్వాత రమ్మని తిప్పి పంపాను. చివరికి ఒక రోజు పొద్దున్నే మొదలుపెట్టి సాయంత్రం దాకా అదే వంపు, అదే స్టేషను నడిపాను. ఎక్కడా గెంతలేదు. పట్టాల కింది చెక్కలు ఒక్కొక్కటీ లెక్కపెట్టుకునేంత నున్నగా వచ్చి ఒళ్లోకి జారిపోతున్నాయి. తక్కువ డబ్బులో ఆటకి బిగించిన మిషన్లలో అంత మంచిది నా చేతిమీదుగా మరొకటి పోలేదు.

ఎస్తేరత్తకి డ్యూటీ లేని మధ్యాహ్నం చూసి తీసుకెళ్లి బిగించాను. మావయ్య తెల్ల చొక్కా వేసుకుని గడ్డం గీసుకుని కూర్చుని ఉన్నాడు.

"రత్నం, మీ అత్తని రమ్మను" అన్నాడు. అత్త పక్క గుమ్మంలోనే ఉంది.

"అత్తా, ఒకసారి కూకోండి. మిషన్ బాగు సేసినాను, సూద్దురుగాని" అన్నాను.

"ఇయ్యన్నీ నాకేటి తెల్సు బాబూ" అంది ఆవిడ నాతోనే.

"రంగు సెప్తే సాలని సెప్పు" అన్నాడాయన, నాతోనే.

ఆవిడ చేతులు పమిటకి తుడుచుకుని వచ్చి ఆయన పక్కన, ఇంజన్‌లో అసిస్టెంట్ కూర్చునే వైపు, కుర్చీ లాక్కుని కూర్చుంది. ఆ వైపే ఎందుకని నేను అడగక్కర్లేదు. యోహాను అసిస్టెంట్ పరీక్షకి చదువుకున్న రోజుల్లో వీళ్ల పాత క్వార్టర్ వరండాలో అక్కని పక్కన కూర్చోబెట్టుకుని సిగ్నళ్లు వల్లె వేసేవాడు. ఆ పని ఆవిడకీ వచ్చు.

బండి బయల్దేరింది. వంపు తిరిగింది. చెట్ల మీదుగా సిగ్నల్ తేలింది.

"గ్రీన్" అంది ఎస్తేరత్త, వినీ వినపడకుండా.

"గ్రీన్" అన్నాడు మావయ్య.

రెండేళ్ల తర్వాత ఆ మొగుడూ పెళ్లాల మధ్య నడిచిన మొదటి మాట అది. నేను గోడకి ఆనుకుని నిలబడ్డాను. మళ్లీ మొదటినుంచి. గ్రీన్, గ్రీన్. మళ్లీ. ప్రతిసారీ ఆవిడ గొంతు ఇంకాస్త పెరుగుతోంది, ఆయన గొంతులో ఇంకాస్త కుదురు వస్తోంది. ఒకసారి బండి స్టేషన్ దాటాక ఆవిడ "అక్కడ మేకలున్నాయేటి?" అంది. "మేకలే" అన్నాడాయన. నిజం చెప్తున్నాను, నాకు ఏడుపొచ్చింది. సిగ్నల్ రెడ్ రాకపోతే బావుండునని మనసులో అనుకున్నాను. ఆయన మాత్రం రెడ్ కోసమే కాచుకుని మళ్లీ మళ్లీ నడుపుతున్నాడు. కానీ అన్ని గ్రీన్లు అయ్యాక ఆయనా దాన్ని మర్చిపోయాడనుకుంటాను. మనిషి మెత్తబడ్డాడు, కుర్చీలో వెనక్కి వాలాడు, నోరు తనంతట తను తిరగడం మొదలైంది.

ఎన్నోసారో గుర్తులేదు. వంపు తిరిగింది. సిగ్నల్ దూరంగా, చిన్నగా, ఎర్రగా ఉంది. బొమ్మ ఆగలేదు, గెంతలేదు. అది అలా నున్నగా పెద్దదవుతూ వస్తోంది.

"రెడ్" అంది ఎస్తేరత్త.

"గ్రీన్" అన్నాడు మావయ్య.

అదే గొంతు, అదే కుదురు. కళ్లు తెర మీదే ఉన్నాయి. చెయ్యి కదల్లేదు. సిగ్నల్ ఎర్రగా, నేను వారం రోజులు కష్టపడి తెచ్చిన ఫ్రేములన్నిటిలోనూ ఎర్రగా, మా ముగ్గురి ముందూ ఉంది.

"రెడ్డు! రెడ్డంటన్నాను!" అని ఆవిడ అరిచింది.

అప్పుడు ఆయన చెయ్యి బ్రేకు కీ మీద పడింది. బండి నెమ్మదించింది, ఇంకా నెమ్మదించింది, ఆగిపోయింది. సిగ్నల్ ఇంకా ముందే ఉంది. సిగ్నల్‌కీ ఇంజన్‌కీ మధ్య బోలెడు పట్టా మిగిలి ఉంది.

నేను పెట్టిన ఫ్యాను ఒక్కటే డబ్బాలో గుర్రుమంటోంది. ఎస్తేరత్త తెరనే చూస్తోంది, ఆ మిగిలిన పట్టాని. చాలాసేపటికి మెల్లగా అడిగింది.

"ఆ రోజు మా తమ్ముడు ఏటన్నాడు?"

మావయ్య పెదవులు రెండుసార్లు కదిలాయి. "నేనన్నది గుర్తున్నాది. ఆడన్నది గుర్తు లేదు" అన్నాడు.

ఆవిడ అరవలేదు, ఏడవలేదు. లేచి కుర్చీని యథాస్థానంలో పెట్టి, "ఆపీ బాబూ, కరెంటు కాలతంది" అని నాతో అని లోపలికి వెళ్లిపోయింది. కాసేపటికి వంటింట్లో నీళ్లు పడుతున్న చప్పుడు వచ్చింది. నేను కంప్యూటర్ ఆపేశాను. మావయ్య నల్లబడిన తెర ముందు అలాగే నిటారుగా కూర్చుని ఉన్నాడు. నేను చెప్పులు వేసుకుని బయటికి వచ్చేశాను.

మనిషికి అనుభవం లేక తప్పులు జరుగుతాయని మనందరం అనుకుంటాం. ఆ మధ్యాహ్నం నేను చూసింది వేరు. ఆ స్టేషన్ సిగ్నల్ ఆ వేళప్పుడు ఎప్పుడూ గ్రీనే ఉండేదట. ఏళ్ల తరబడి అదే లైను మీద తిరిగి తిరిగి ఆయన నోరు కంటి కంటే ముందుకి పోయింది. పక్కవాడు రంగు చెప్పడం, తను తిరిగి చెప్పడం అన్న పద్ధతి పెట్టిందే అలాంటిది జరక్కూడదని. ఆ పద్ధతే అలవాటై, కళ్లు చూడాల్సిన పని నోరు చేసేసింది. కొత్త డ్రైవరైతే గుండె దడదడలాడుతూ ఆ సిగ్నల్ని పట్టి పట్టి చూసి ఉండేవాడు. యోహాను ఆ రోజు రెడ్ అనే ఉంటాడు. బావ గ్రీన్ అన్నాక తనే పొరబడ్డానేమోనని తన కళ్లనే అనుమానించి ఉంటాడు. అరవడానికి అతనికి అక్కకి ఉన్న చనువు లేదు. ఇదంతా నా ఊహ. ఇక దాన్ని ఊహ అనుకోవడం తప్ప ఎవరూ చెయ్యగలిగింది లేదు.

కొన్నాళ్లకి మావయ్య రిక్షాలో డబ్బా పెట్టుకుని దుకాణానికి వచ్చాడు. బాగా చిక్కిపోయాడు.

"ఈ కార్డు తీసీ. పాత బొమ్మే పెట్టీ" అన్నాడు.

"ఏటయినాది మావయ్యా, పాడయిందేటి?"

"పాడవలేదు. బాగున్నాది. అందుకే తీసీమంటన్నాను."

నేను స్క్రూడ్రైవర్ తియ్యకుండా నిలబడ్డాను. ఆయన మెట్టు మీద కూర్చుని, రోడ్డు వైపు చూస్తూ చెప్పాడు. "ఇప్పుడు మాటాడతంది రా మీ అత్త. అన్నం తిను అంటాది. మందేసుకున్నావా అంటాది. వార్డులో పేషెంటుతో మాటాడినట్టు మాటాడతంది. అలక మీదున్నప్పుడు నేనింకా దాని మొగుణ్ణిరా."

నా దుకాణంలో ఎన్నో రకాల ఏడుపులు విన్నాను. హార్డ్ డిస్కు పోయి థీసిస్ పోయిందని ఏడ్చినవాళ్లున్నారు. దేనికైనా నా దగ్గర ఏదో ఒక మందు ఉండేది, కనీసం ఒక తిట్టు ఉండేది. ఆయనకి ఇవ్వడానికి మాత్రం నా అలమారాల్లో ఏ భాగమూ లేదు. కార్డు తీశాను. ర్యామ్ తీశాను. జంపర్ని పాత పిన్నుకి జరిపాను. బొమ్మని మళ్లీ ఆన్‌బోర్డ్ చిప్పుకి అప్పగించాను. నా చేతులతో బాగు చేసిన మిషన్ని నా చేతులతోనే పాడు చెయ్యడం అదొక్కసారే.

"నడిపి సూపించు" అన్నాడు.

సీడీ పెట్టి నడిపాను. ఆయన లేచి వచ్చి నా భుజం పక్కన నిలబడ్డాడు. బండి వంపు తిరిగింది. స్టేషన్ మీద పడగానే బొమ్మ ఆగింది, గెంతింది, మళ్లీ ఆగింది. తేరుకునేసరికి సిగ్నల్ వెనక్కి పోయింది. అది ఏ రంగులో ఉందో నేను చూడలేదు.

"అదిగో" అన్నాడు మావయ్య తెర మీద వేలు పెట్టి. "ఎవడికి కనిపిస్తాది?"

ఆయన నా మొహంలోకి చూస్తూ తిరుగు మాట కోసం ఎదురు చూస్తున్నాడు, ఇంజన్‌లో పక్కవాడి కోసం చూసినట్టు.

"ఎవడికీ కనిపించదు మావయ్యా" అన్నాను.

తల ఆడించి, సీడీని చొక్కా లోపల పెట్టుకుని, రిక్షావాణ్ణి పిలిచాడు.

ఇన్నేళ్లలో వందల మిషన్లు బిగించాను. ఈ కేసు తర్వాత నాలో ఒక్క అలవాటు మారింది. ఎప్పుడూ బాగుండే భాగమే గదా అని చూడకుండా ఏదీ బిగించను. కొత్త పెట్టెలోంచి తీసిన ఎస్ఎంపిఎస్‌కి కూడా ముందు మీటరు పెడతాను. కస్టమర్లు విసుక్కుంటారు, ఇన్నేళ్ల సర్వీసు ఉండీ ఇంకా చూడాలా దాదా అంటారు. సర్వీసు ఉంది కాబట్టే చూస్తున్నాను అంటాను. దానియేలు మావయ్య సంగతి వాళ్లకి చెప్పను. ఆయన ఆ గెంతే బొమ్మ ముందు ఇంకా రెండేళ్లు కూర్చున్నాడు. వాళ్ల క్వార్టర్ పక్కనుంచి సైకిల్ మీద పోతుంటే కిటికీలోంచి ఆయన గొంతు వినపడేది, గ్రీన్ అని. నేను తల వంచుకుని తొక్కుతూ పోయేవాణ్ణి. లోపలినుంచి తిరుగు మాట ఎప్పుడూ వినపడలేదు.